ఊరు లేని ఆదివారం

గాలి.

గుట్ట దిగి, ఎండిన వంక దాటి, పసుపెక్కిన వేరుశనగ చేల మీదుగా వచ్చే గాలి. ఈ నేలలో దాన్ని ఆపేది ఏదీ లేదు. మనిషి ఎదురైనప్పుడే ఒక్క క్షణం ఆగినట్టుంటుంది...

సుజాత ఆ గాలిని కూడా కాగితం మీద గీసింది. చిన్న బాణం గుర్తుతో.

కదిరిలో, వంటింటి గట్టు మీద, మూడు దారులు పరిచి ఉన్నాయి. మూడూ ఇంటి నుంచి కారులో గంటన్నర లోపే. మూడూ రెండు రోజుల నడక. మూడూ బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేవి.

మొదటి దారిలో నీళ్లు లేవు.

రెండో దారిలో నీడ లేదు.

మూడోది నల్లమాడ అవతల, ఒక గుట్ట చుట్టూ. గుట్టకు పడమట ఒక ఊరు. ఊళ్లో కొళాయి.

కిందటేడు దివాకర్ గుండెకు స్టెంటు వేశారు. ఏడాదిగా అతడు తన గుండె చప్పుడు వింటూ బతుకుతున్నాడు. నడవాలి, నీళ్లు తాగుతూ నడవాలి అన్నాడు డాక్టరు. అందుకే అతని భార్య సుజాత మొదట నీళ్లను గీసింది. దారిని తర్వాత గీసింది.

పాలాయన దగ్గర ఆ ఊరి రైతు ఈశ్వరప్ప నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"శనివారం మధ్యాహ్నం వస్తామన్నా. నీళ్లుంటాయా?"

"నీళ్లకేంమా, బోరుండాది. రాండి. సంగటి గూడా పెడతాం, తినేటోళ్లయితే!"

గురువారం ఆమె దారిని తిప్పింది.

శనివారం సాయంత్రం గుట్టకు తూర్పున నీడ. ఆదివారం పొద్దున పడమట నీడ. అటు నుంచి తిరిగితేనే దివాకర్ తల మీద ఎండ తక్కువ. అప్పుడు ఊరు శనివారం రాదు. ఆదివారం వస్తుంది.

ఈశ్వరప్పకు మళ్లీ ఫోన్ చేయలేదు. ఊరు ఎక్కడికి పోతుంది?

అత్త తిప్పమ్మ కాగితం మీదికి వంగి చూసింది.

"ఎడమకు తిరుగుతారా? గుట్ట కుడిచేతికుండాల. ఎడమకు తిరిగేది పీనుగ సుట్టూ."

"నీడ కోసం అత్తా."

"సచ్చినోళ్లకు శానా ఉంటాదిలే నీడ."

సుజాత నవ్వింది. కాగితం మడిచింది.

గుట్ట ఎడమచేతికి ఉంది. శనివారమంతా ఎడమచేతికే ఉంది. టెంటులో పడుకున్నప్పుడు కూడా.

ఆదివారం మధ్యాహ్నానికి నీడ తరిగిపోయింది. ఆఖరి సీసా ఖాళీ అయింది. దివాకర్ పెదవులు తెల్లబడ్డాయి. అడుగడుగుకూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటున్నాడు.

"వచ్చేశాం," అంది ఆమె. "అదిగో ఊరు."

ఊరి మొగదలలో దారికి అడ్డంగా ముళ్లకంప. మేకల కోసం కాబోలు అనుకుని పక్కకు లాగింది.

కుక్క మొరగలేదు.

కోడి కూడా లేదు.

ప్రతి ఇంటికీ తాళం. ప్రతి అరుగు మీదా బోర్లించిన బిందె. పొయ్యిలు ఆర్పి, పైన నీళ్లు చల్లి, ఆ నీళ్లూ ఎండిపోయి — నల్లగా, వరుసగా, వీధి పొడుగునా.

కొళాయి తిప్పింది. అది ఒకసారి ఊపిరి తీసుకుంది. అంతే.

"ఎవరాడ?"

లోపల్నుంచి. బయట తాళం వేసిన ఇంటి లోపల్నుంచి — ఒక ముసలి గొంతు.

"నీళ్లు కావాలవ్వా. మా ఆయనకు బాగాలేదు."

"ఊళ్లో ఎవరూ లేరు పో."

"నువ్వున్నావు కదవ్వా?"

"నేనూ లేను."

దివాకర్ గోడకు ఆనుకుని, మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"వానలు ల్యాకపాయె," అంది గొంతు. "ఈ పొద్దు ఊరు ఖాళీ చేసినారు. గొడ్డూ గోదా, పిల్లా జెల్లా, అందరూ పొలిమేర దాటినారు. పొద్దు గుంకినాకనే వచ్చేది. అంతదాకా ఊళ్లో పొయ్యి ఎలగగూడదు, బిందె లేపగూడదు, మనిషి ఉండగూడదు. ఉంటే పీడ పోదు. నా కాలిరిగి మూణ్ణెల్లాయె, మోసేదెవరు? లేనట్టే అనుకోని తాళమేసి పోయినారు."

"ఒక్క చెంబు అవ్వా..."

"ఇస్తే నేను ఉన్నట్టే గదమ్మా."

ఎండ.

గాలి కూడా లేదు. దివాకర్ ఊపిరి ఒక్కటే వినపడుతోంది. దాన్ని ఆ ఇల్లు కూడా వింటున్నట్టుంది.

చాలాసేపటికి కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది. ఒక చెంబు. చెంబు వెనక ముడతల చెయ్యి. చెయ్యి వెనక చీకటి.

"పొద్దు గుంకేదాకా ఎవరి కంటా పడొద్దండి. నేను లేను. మీరూ రాలేదు."

"రాలేదవ్వా."

"ఆయప్ప చేత గూడా అనిపీ."

"రాలేదు," అన్నాడు దివాకర్. నీళ్లు అతని గడ్డం మీదుగా కారుతున్నాయి.

గోడ నీడలో దివాకర్ తేరుకుని లేచేసరికి ఎండ వాలింది. సుజాత ముళ్లకంపను ఎక్కడిది అక్కడే, ఎలా ఉన్నది అలాగే పెట్టింది. పాదాల గుర్తులను చున్నీతో తుడిచింది.

కారు దగ్గరికి దారి పొలిమేర మీదుగానే. మలుపు తిరిగేసరికి ఊరు ఊరంతా అక్కడ ఉంది — మేకలు, మంచాలు, గంపల కింద కోళ్లు, ఒళ్లో పిల్లలు. అందరూ పడమర చూస్తున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. పొద్దు ఇంకా బెత్తెడు ఉంది.

ఇద్దరూ దారి పక్క బండ చాటుకు చేరి కూర్చున్నారు.

అప్పుడు, రెండు రోజులుగా గుట్ట చాటున సిగ్నల్ లేని ఫోన్ మోగింది.

అన్నీ సరిచూసుకునే సుజాత చేతిలో. ఈశ్వరప్ప పేరుతో.

ఎత్తితే తాము ఉన్నట్టే. ఆపేసినా ఉన్నట్టే.

మోగనిచ్చింది.

కింద ముఖాలన్నీ బండ వైపు తిరిగాయి. చంటిపిల్లల ముఖాలు కూడా.

"ఈడనే మోగుతాండాది," అన్నారెవరో.

చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్న మనిషి బండ వైపే చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

"పిట్ట కూతలేప్పా," అన్నాడు. ఫోన్‌లో విన్న గొంతే. "నిన్నట్నుంచీ చేస్తాండా. ఆయమ్మ రాలేదు."

ఒక్కొక్క ముఖం పక్కకు తిరిగింది.

పొద్దు గుంకింది.

ఊరు లేచింది. మంచాలు నెత్తికెత్తుకుని, మేకలను ముందు తోలుకుని, బండ పక్క దారిలోనే కదిలింది.

ఇక మాట్లాడవచ్చు. సుజాత లేచి దారిలోకి వచ్చింది.

"ఈశ్వరప్పన్నా... నేను. కదిరి నుంచి."

చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నడిచాడు అతడు. "సంగటి ఊరికే పాయ నిన్న," అంటున్నాడు పెండ్లాంతో.

"అన్నా!"

ఎవరూ తిరగలేదు. ఒక పిల్ల కూడా.

"సుజా," అన్నాడు దివాకర్ వెనక నుంచి. "వాళ్లకు వినపడలేదా?"

ఆమె అతని చెయ్యి వెతికి పట్టుకుంది. చల్లగా ఉంది. తన చెయ్యి అంతకన్నా చల్లగా.

కింద మొదటి పొయ్యి వెలిగింది. తర్వాత ఇంకొకటి.

గుట్ట మీద నుంచి గాలి దిగింది — దారి మీదుగా, వాళ్లు నిలబడ్డ చోటి మీదుగా, ఊరి వైపు...

ఎక్కడా ఆగలేదు.