గోరుపన్ను

చాందినికి ఆపిల్ ముక్కలు కాగితంలా పల్చగా తరగాలి, లేకపోతే కొరకలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి పై వరసలో కొత్తగా వచ్చిన పన్ను వెనక, గోరులా ఇంకో కొన మొలిచింది. నాలుక దానికి ఒరుసుకుని పుండు పడుతోంది. లంచ్ బాక్స్ సర్దుతున్నంతసేపూ తల్లి చరిత చెవుల్లో అత్తగారు లలితకుమారి మాటలే. "మా వంశంలో ఇలాంటి పళ్ళు ఎవరికున్నాయమ్మా? ఇది మీ పుట్టింటి సొత్తే." వీడియో కాల్‌లో రోజూ ఇదే పాట. పక్కనే కూర్చున్న భర్త యుగంధర్ ఫోన్ చూసుకుంటాడే తప్ప నోరు విప్పడు. తనకైతే మాటలు పడీ పడీ ఒళ్ళు మొద్దుబారింది. కానీ పిల్ల వింటోందే! బదులు ఇంగ్లీషులో చెప్పినా, తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది దానికి. తనలోనే ఏదో లోపముందని అది నమ్మేస్తే ఎలా? చరిత బెంగంతా అదే.

లూకన్‌లోని పళ్ళ క్లినిక్‌లో డాక్టర్ అబిగేయిల్ ఓపిగ్గా చెప్పింది. ఆ కొన లోపల నరం ఉండొచ్చు, ఒక్కసారే తీసెయ్యకూడదు, కొన్ని నెలలకోసారి కొద్దికొద్దిగా అరగదీసి ఫ్లోరైడ్ పూయాలి అంది. "ఇది కుటుంబాల్లో వస్తుంటుంది, మీ ఇద్దరివీ చూడనా?" అని అడిగింది. చరిత పళ్ళకి అలాంటి కొనేమీ లేదు. "నో నో, ఐయామ్ గ్రాండ్" అని ఇక్కడివాళ్ళలా, నాకేం లేదు బానే ఉన్నానంటూ యుగంధర్ తప్పించుకోబోయాడు. ఆవిడ వదిలితేగా! అద్దం పెట్టి చూసి నవ్వింది. అదే పన్ను, అదే కొన.

"డాడ్, యూ హావ్ ఇట్ టూ!" చాందిని చప్పట్లు కొట్టింది.

కారెక్కగానే చరిత అంది, "ఇప్పుడే అత్తయ్యకి చెప్తాను."

"ఏం చెప్తావ్? అమ్మకి తెలుసు. చిన్నప్పుడు నా నాలుక పుండైతే నెయ్యి రాసింది తనేగా."

ఓరి దేవుడా! తల్లీకొడుకులిద్దరికీ తెలుసు. చరిత ఒళ్ళు మండిపోయింది. ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు చేరేదాకా కూడా ఆగలేక, ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి అడిగేసింది.

"మీ అబ్బాయికీ ఉందటగా, అత్తయ్యా?"

అటువైపు తడబాటేమీ లేదు. "ఉంటే? మగాడి పళ్ళెవరు చూస్తారే? ఆడపిల్లకి వచ్చింది చూడు, అదీ నా ఏడుపు."

యుగంధర్ సిగ్నల్ దగ్గర కారాపి ముందుకే చూస్తున్నాడు. చరిత వెనక్కి తిరిగింది. చాందిని అరచేత్తో నోరు మూసుకుని కూర్చునుంది.

"చెయ్యి తియ్యి తల్లీ" అంది చరిత.

పిల్ల తియ్యలేదు.