పేరు పెట్టి అడిగారా

మాతో పనిచేసే మారయ్యను ఊరికి పంపేశాక వచ్చిన ఆదివారం, ఈ పరాయి దేశంలో కూలీలం ఉండే క్రాంజీ డార్మిటరీ ప్రార్థనలో వాక్యం చెప్పింది నేనే. సిగ్గు లేకుండా షెబ కథే ఎత్తుకున్నాను. దావీదు రాజు మీద తిరగబడ్డ షెబ ఆబేలు పట్టణంలో దూరాడు. సేనాపతి యోవాబు వచ్చి గోడలు కూల్చబోతుంటే, ఒక తెలివైన స్త్రీ ఊరివాళ్ళను ఒప్పించి షెబ తల నరికించి గోడ మీంచి విసిరేయించింది. ఊరు బతికింది. ఒక్కడి కోసం అందరూ నాశనం కాకూడదని గొంతు చించుకున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

ఎందుకంటారు? అంతకు నాలుగు రోజుల ముందు, పాచిపోయిన అన్నం పంపుతున్నారని ఇరవై మందిమి పనికి వెళ్ళే లారీ ఎక్కలేదు. ఎక్కొద్దని మొదట అన్నది వాళ్ళ మేస్త్రీని, నేనే. మేనేజరు నన్నొక్కణ్ణే పిలిచి, మొదలుపెట్టినవాడెవడో చెబితే మిగతావాళ్ళ పని పర్మిట్ల జోలికి రానన్నాడు. మారయ్య అన్నాను. మర్నాడే అతన్ని విమానం ఎక్కించారు.

వన్-నార్త్ అనే పేటలో మేము కడుతున్న భవనానికి కరెంటు పని తనిఖీకి వచ్చే ఎజ్రా అంకుల్ ఇక్కడే పుట్టిపెరిగిన యూదుడు. నిదానంగా ఇంగ్లీషు మాట్లాడతాడు, నాకు బాగానే అర్థమవుతుంది. షెబ కథ వాళ్ళ గ్రంథంలోదే కదా, ఆయన చేత ఔననిపించుకుంటే కాస్త కంటికి కునుకు పడుతుందని, సోమవారం భోజనాల దగ్గర అడిగాను. ఆబేలు వాళ్ళు చేసింది ఒప్పే కదా అని.

"మా పండితులు దాని మీద పోట్లాడుకున్నారు," అన్నాడాయన డబ్బా మూత తీస్తూ. "శత్రువు ఫలానావాణ్ణి ఇమ్మని పేరు పెట్టి అడిగితే అప్పగించవచ్చని ఒకాయన. పేరు పెట్టినా సరే, వాడు షెబలాగా మరణశిక్షకు తగినవాడైతేనే అని ఇంకొకాయన."

"పేరు పెట్టకుండా, ఎవడో ఒకణ్ణి ఇవ్వమంటే?"

"అక్కడ తగాదా లేదు. అందరూ చావాలి గానీ ఒక్కణ్ణి ఇవ్వకూడదు. పేరు పెట్టి అడిగినవాణ్ణే అప్పగించిన పండితుడొకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి వస్తూపోతూ ఉండే ఏలీయా ప్రవక్త రావడం మానేశాడు. చట్టప్రకారమే చేశానన్నాడట. భక్తులు చేసే పనేనా ఇది అన్నాడట ప్రవక్త." నా మొహంలోకి చూశాడు. "ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. ప్రార్థనలో చెప్పడానికి."

నా డబ్బా మూసేశాను. ఏలీయా మా గదికి ఎన్నడూ రాలేదు గానీ, మారయ్య వెళ్ళాక నా మంచం దగ్గరికి ఎవడూ రావడం లేదు. మెట్ల కిందికి వెళ్ళి మారయ్యకు ఫోన్ చేశాను.

"మేనేజరు నీ పేరు అడగలేదయ్యా. నేనే చెప్పాను."

"తెలుసన్నా. ఎయిర్‌పోర్టుకి తీసకపోయేటప్పుడు ఆయనే అన్నాడు, మీ మేస్త్రీ చెప్పాడని. ఎక్కొద్దన్నది నువ్వు గదన్నా. అంతమందిలో నా పేరే ఎందుకు తోచింది నీకు?"

అబద్ధమాడే ఓపిక లేక నిజం చెప్పాను.

"నువ్వు ఎదురడగవని."

"ఇప్పుడడుగుతున్నా. నీ పేరెప్పుడు చెప్తావు మేనేజరుకి?"

లంచ్ టైమ్ అయిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇంకా పావుగంట ఉంది.