విత్తన గదిలో తడిగాలి

ఆ శ్రావణంలో రాయ్‌పూర్ దగ్గరి మందిర్ హసౌద్ ఊళ్లో, షెడ్డులోని పుట్టగొడుగుల విత్తనానికి పచ్చబూజు పట్టింది. ఉడికించిన గోధుమల మీద తెల్లగా అల్లుకోవలసిన పోగు పాచిరంగుకు తిరిగింది. విత్తనం కోసం వచ్చిన రైతులందరి ఎదుట యజమాని గిరిధర్ చేతులు దులుపుకుని, నేరం తమ్ముడి భార్య ప్రియదర్శిని మీదికి తోసేశాడు.

"ఏం చెప్పమంటారు భాయీ! నెలసరి రోజుల్లో గదిలోకి వెళ్లింది. ఆ చెయ్యి తగిలితే ఊరగాయకే బూజు పడుతుంది, ఇవెంత?" అన్నాడు హిందీలో.

సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, ఆ గదిని తన చేతులతో నిలబెట్టిన మనిషి ప్రియదర్శిని. భర్త హరీష్ నేలచూపులు చూశాడు. గది తాళంచెవి బావగారి జేబులోకి చేరింది. ఆనాటి నుంచి ఆమె కోరిక ఒక్కటే: అదే షెడ్డులో, అదే రైతుల ఎదుట, ఆ నోటి చేతనే ఆ మాటను మింగించాలి.

మరుసటి ఎండాకాలమంతా గిరిధర్ వేసిన విత్తనం సంచులు మల్లెపూలలా తెల్లబడ్డాయి.

"చూశావా అమ్మా, పక్కా! ఆడగాలి సోకకపోతే ఒక్కటైనా చెడిందా?" అని తల్లి వరహాలమ్మ ముందు మీసం తిప్పాడు.

ప్రియదర్శిని వినయంగా మజ్జిగ అందించింది. రాయ్‌పూర్ వైశాఖపు గాలి గుణం ఆమెకు తెలుసు. ఆ పొడిగాలిలో తుంపరలు ఇట్టే ఆరిపోతాయి. వాటిలో తేలే సూక్ష్మజీవుల్లో చాలా భాగం ఎండి చస్తుంది. బూజు బీజాలు మొండివే అయినా, తేమ దొరకనిదే మొలకెత్తలేవు. గెలిచింది బావగారి మడి కాదు, ఎండ. ఆమె వానలకోసం కాచుకుని కూర్చుంది.

ఆషాఢం వచ్చింది. ఉక్కపోతకు తాళలేక గిరిధర్ పెద్ద కూలర్ తెప్పించి విత్తన గది కిటికీకి బిగించాడు. గడ్డితెరల మీద నీరు కార్చి, తడిసిన గాలిని లోపలికి తోసే యంత్రమది. వానాకాలంలో ఆ గదికి అంతకు మించిన శత్రువు లేదు. ఒక్క మాట చెబితే ఆగేది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను ప్రియదర్శిని పంటి కింద నొక్కిపెట్టింది.

"మంచి పని చేశారు బావగారూ."

"మరేటనుకున్నావు! ఉడుకెత్తి చచ్చిపోతన్నాం."

"ఈసారి నేనూ కొన్ని సంచులు వేస్తాను, మోవాలోని మనింట్లో. ఇవాళే బయటచేరాను. రెండూ పక్కపక్కన పెట్టి రైతులకు చూపిద్దాం."

"ఓలమ్మా, సిగ్గు నేదేటే నీకు?" అని వరహాలమ్మ నోరు నొక్కుకుంది.

"వెయ్యనీ అమ్మా. తమాషా చూద్దాం" అని గిరిధర్ నవ్వాడు.

ప్రియదర్శిని చిన్న గది తలుపులు బిగించి, కిటికీ సందులకు కాగితాలు అంటించి, గాలిలోని తడిని లాగేలా ఏసీ పెట్టింది. తేమ కొలిచే ముల్లు బాగా దిగేదాకా కదలక, ఆ తరువాతే ఏసీ ఆపి, స్పిరిట్ దీపం వెలిగించి, ఉడికించిన గోధుమల సంచులు విప్పి పోగు నాటింది.

రైతులు వచ్చిన రోజున గిరిధర్ గది తలుపు తెరవగానే పుల్లని కంపు కొట్టింది. సంచి తరువాత సంచి, అన్నీ పచ్చన. పక్కనే ప్రియదర్శిని సంచులు దూదిలా ఉన్నాయి.

అందరికీ తెలిసేలా ఆమె బావగారిని హిందీలోనే అడిగింది.

"జేఠ్‌జీ, గదిలోకి వెళ్లిన రోజున తమరు బయటున్నారా?"

రైతులు గొల్లున నవ్వారు. గిరిధర్ ముఖం కందగడ్డయింది. అతని చూపు కూలర్ మీదికి, అక్కడి నుంచి మరదలి మీదికి వెళ్లింది.

"నీకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు!"

"బయటుండవలసిన దాన్ని కదా. నా మాట కూడా గదిలోకి రాకూడదనుకున్నాను. ఇప్పుడు మీరు చెప్పండి, తప్పు ఎవరిదో."

"మరదలి తప్పు లేదు" అని గొణిగాడు.

"ఆనాడు అన్నంత గట్టిగా."

గట్టిగా అన్నాడు. రైతుల నవ్వు ఆగిపోయింది.

"మళ్లీ" అంది ప్రియదర్శిని.

"ఇక చాలు ప్రియా" అన్నాడు హరీష్ మెల్లగా.

"ఆనాడు మీకు నోరు లేదు. చాలో లేదో నేను చెబుతాను" అని, ఆమె బావగారి వైపు చూస్తూ నిలబడింది.