కొట్టం దారి పట్టిన బండి

గౌలిపురలో రోజూ సాయంత్రం అంజన్ తన బర్రెకు దాణా పెట్టి, దూడను విడుస్తాడు. దూడ నాలుగు గుక్కలు తాగి, బర్రె పాలు చేపగానే తాడు పట్టి దాన్ని పక్కకు లాగేస్తాడు. ఆ తర్వాత బకెట్ నిండేదాకా తలెత్తడు. పాలవాళ్ళందరూ చేసేదే. కాకపోతే మిగతావాళ్ళు చివర్లో దూడకని ఒక చన్ను వదులుతారు. అంజన్ వదలడు. మగదూడకు పట్టిన పాలు మోరీలో పోసినట్టేనని అతని లెక్క.

కిందటి ఈతలో పుట్టిన మగదూడ అలాగే పోయింది. కడుపుబ్బి చచ్చిందని భార్య అమలకు, కూతురు నందినికి చెప్పాడు. దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెడితే, బర్రె ఆ బొమ్మను నాకుతూ ఎండాకాలమంతా పాలిచ్చింది. అది నాకుతున్నప్పుడు అంజన్ అటు చూసేవాడు కాదు.

ఈసారీ మగదూడే పుట్టింది. బొమ్మతో పనిలేక మూలన పడేస్తే, నందిని గడ్డి దులిపేసి ఆ తోలును తన బేరింగ్ బండికి సీటుగా కొట్టుకుంది. ఒక చెక్క, మెకానిక్‌ను బతిమాలి తెచ్చుకున్న పాత బేరింగులు, తిప్పడానికి ఒక తాడు, అంతే బండి. గల్లీ పిల్లలందరివీ అలాంటివే. ఆదివారం సాయంత్రం అన్నీ వరుసగా నిలబడి వాలులో గరగరా దిగుతాయి.

నందిని బండి మాత్రం వాలు దిగలేదు. ఆమెను ఎక్కించుకునే వెనక్కి తిరిగి, ఎత్తు మీదున్న కొట్టం దారి పట్టింది. నేరుగా వెళ్ళి బర్రె పొదుగు దగ్గర ఆగింది.

"పాలు పిండే యాళ్ళాయె, పోక ఏం జేస్తది" అంటూ అరుగు మీది బుచ్చమ్మ కాళ్ళు దగ్గరికి తీసుకుని దారిచ్చింది.

మరుసటి వారమూ అంతే. "నీ బండికి తాడు గాదు, పలుపు గట్టాలె" అని పక్కింటి పింటూ ఏడిపించాడు. ఒక్కసారైనా పందెం గెలవాలని నందినికి మహా పట్టుదల.

మూడోసారి బండి ఆమెను కొట్టంలోకి తెచ్చేసరికి అంజన్ దూడను లాగుతున్నాడు. ఎముకలు తేలిన ఆ దూడ వణుకుతూ వచ్చి సీటును వాసన చూసింది. నందిని దూడనూ చూసింది, తను కూర్చున్న తోలునూ చూసింది.

"బాపు, ముందటిది కడుపుబ్బే సచ్చిందా?"

"గిప్పుడేంది లొల్లి? పోయి ఆడుకోపో."

బండి కదలలేదు. బర్రె మెడ తిప్పి సీటు అంచును నాకడం మొదలుపెట్టింది. ఈసారి అంజన్‌కు తల తిప్పుకోవడం చేతకాలేదు.

"కాదు బిడ్డా. నేనే తాగనియ్యలే."

నందిని సీటు తోలును అరచేత్తో నిమిరింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి. చేతిలో తాడు వదిలేశాడు. దూడ ఎగబడి పొదుగు అందుకుంది. అది తాగినంతసేపూ బండి దాని పక్కనే నిలబడి, దూడ తల విదిలించాక నందినితో సహా మెల్లగా వెనక్కి తిరిగి వాలు దిగింది. అంజన్ పాలు పోసే హోటల్‌కు ఆ రోజు సగం క్యానే వెళ్ళింది.

ఆ తర్వాత రోజూ అంతే వెళ్ళింది. దూడ కండపట్టింది. ఒక ఆదివారం నందిని పింటూను దాటేసి గెలిచింది కూడా. గల్లీలో ఈలలు కొట్టంలోకి వినబడ్డాయి. అంజన్ బయటికి రాలేదు. దూడ తాగుతుంటే బకెట్ ఒళ్ళో పెట్టుకుని, బండి ఒక్కసారి వస్తుందేమోనని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. బండి రాలేదు.