నీరుకుక్క కడుపు

మూడో నీరుకుక్క కూడా బట్టీలోనే పగిలింది. తమ్ముడు తలుపు తీసి లోపలికి తొంగిచూసి, పక్కకు జరిగాడు. అక్క ఆ ముక్కలు చూసి పీట మీద కూలబడింది.

ఇంటి వెనక షెడ్డులో ఇద్దరూ ఇరవై రెండేళ్లుగా మట్టితో జంతువులు చేస్తున్నారు. మలచడం అక్క పని, కాల్చడం తమ్ముడి పని. చుట్టుపక్కల చిట్టడవిలో తిరిగేవే చేస్తుంది, సింహాల జోలికి ఆవిడ పోదు. ఈసారి అటవీశాఖ వాళ్లు సందర్శకుల గదికి ఎనిమిది బొమ్మలు అడిగారు. ముంగిస, ఉడుము, నక్క, అలుగు లాంటివి ఏడూ చలికాలం రాకముందే అయిపోయాయి. వాగుల్లో చేపలు పట్టుకుని బతికే నీరుకుక్క ఒక్కటే మొండికేసింది.

"నీ బట్టీ ఎక్కడో ఎక్కువ వేడెక్కుతోంది," అంది అక్క.

"ఆడలేక మద్దెల ఓడందిట. మిగతా ఏడూ కాలింది ఇందులోనే కదా?"

"అంటే నాకు చేతకావడం లేదంటావా?"

"నేనేమీ అనలేదక్కా. అలిసిపోయాను, అంతే."

ఆవిడ విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది. ముక్కలు బకెట్లోకి ఏరుతూ తమ్ముడు కడుపు దగ్గరి పెంకు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలంత మందం ఉంది. లోపల తొలిచి పల్చన చేయకపోతే తేమ నిలిచి పగులుతుందని అతనికి నేర్పింది ఆవిడే. నెల రోజులుగా ఆవిడ మందుసీసా మూత తన చేతే తీయించుకుంటున్న సంగతి అప్పుడు తట్టింది.

వంటింట్లో అక్క గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచుకుని కూర్చుంది.

"ఎన్నాళ్లనుంచి?"

ఆవిడ తల తిప్పలేదు. "చలికాలం నుంచి. పైపైన మలచగలను. కడుపులో చెయ్యి పెట్టి తొలవాలంటే వేళ్లు వంగవు."

"చెప్పొచ్చు కదా."

"చెబితే మానేద్దామంటావు."

మానేద్దామని అతను రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. "తొలిచే పని నేను చేస్తాలే," అన్నాడు.

మర్నాడు ఆవిడ మలిచి, తీగతో రెండుగా కోసి ఇచ్చింది. అతను తొలవడం మొదలుపెట్టాడు.

"అక్కడ కాదు, వెన్ను వైపు! చాలు నాయనా, నువ్వు తవ్వేది బావి కాదు!"

రెండు సగాలూ అతికేసరికి కడుపు ఒక పక్కకు జారింది. సరిచేద్దామని ఆవిడ చెయ్యి చాచింది కానీ, వేళ్లు మాట వినలేదు. "ఉండనీ," అంది. చేతిలో ఉన్న బొమ్మను ఆవిడ అలా వదిలేయడం అతనెప్పుడూ చూడలేదు.

బాగా ఆరబెట్టి కాల్చారు. ఈసారి పగల్లేదు. బొమ్మలు తీసుకెళ్లడానికి వచ్చిన ఫారెస్టు గార్డు నీరుకుక్క ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"కడుపుతో ఉందాండీ? చిన్నప్పుడు వాగులో చూశాను. ఈనబోయే ముందు ఇలాగే ఒక పక్కకి ఒరిగేది."

తమ్ముడు అవుననబోయాడు.

"లేదు బాబూ," అంది అక్క. "తొలిచేటప్పుడు వాడి చేతిలో జారింది. నా చేతులు ఇప్పుడు పనిచేయడం లేదు."

బయటివాళ్లకు ఆ సంగతి చెప్పడం అదే మొదలు.

"ఏదైతేనేం, నాకు మాత్రం అదే కనిపిస్తోంది," అంటూ గార్డు బొమ్మను జాగ్రత్తగా గడ్డిలో సర్దుకున్నాడు.

బండి వెళ్లిపోయాక తమ్ముడు షెడ్డు తలుపు వేశాడు.

"రేపు పొద్దున్నే లేపకు. తొమ్మిదింటిదాకా పడుకుంటాను," అంది అక్క.

"లేపడానికి నేను లేస్తేగా," అన్నాడు తమ్ముడు.