టేపు వేసిన క్యాను

సైరన్ మోగగానే అందరికీ క్షిపణి గుర్తుకొచ్చింది. లింబాద్రికి మాత్రం తన మంచం కింది క్యాను గుర్తుకొచ్చింది.

సౌదీలోని దమ్మాం ఊరి చివరి లేబర్ క్యాంపులో అది ఆరో నంబరు గది. గల్ఫ్ యుద్ధం మొదలై నెల దాటింది. ఇరాక్ వదిలే స్కడ్ క్షిపణుల్లో విషవాయువు ఉండొచ్చని రేడియో చెప్పినప్పటి నుంచి, సైరన్ మోగితే పక్క గదుల వాళ్ళు కూడా ఇందులోకే వచ్చేవారు. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించిన గది అదొక్కటే. మాస్కులు ఆఫీసు వాళ్ళకే సరిపోయాయి. మిగిలిన వాళ్ళకు తడి తువ్వాళ్ళే దిక్కు.

లింబాద్రిది కోరుట్ల దగ్గర పల్లె. తాళ్ళెక్కి కల్లు గీసే పని మాని, పైపులు బిగించే పనికి వచ్చి మూడేళ్ళయింది. భార్య జయ జ్వరంతో పోయిందన్న ఉత్తరం ఇరవై రోజులకు చేరింది. పోదామంటే విమానాలు లేవు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, వీసా ఇచ్చిన యజమాని దగ్గరుంది. యుద్ధం ఆగగానే ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపిస్తామని ఆఫీసులో మాటిచ్చారు. ఆరేళ్ళ కూతురు ఉమ మేనత్త పోచవ్వ ఇంట్లో ఉంది. దానికి ఇక మిగిలింది తనొక్కడే.

మాసికం నాడు పోయినవాళ్ళ పేరు తలచుకుని నేల మీద కల్లు ధారగా పోస్తారు. సాక అంటారు దాన్ని. పదేళ్ళు కల్లు మండువలో కూర్చుని ఊరికి కొలిచి పోసిన జయకు నీళ్ళతో సాక పోయడానికి లింబాద్రికి మనసొప్పలేదు.

క్యాంపులో వంట చేసే నర్సింలుకు దొంగచాటుగా బీరు తయారుచేయడం తెలుసు. మత్తులేని బీరు డబ్బాలను నాలుగు బకాలాల్లో, అంటే కిరాణా దుకాణాల్లో, కొద్దికొద్దిగా కొన్నారు. ఖాళీ నీళ్ళ క్యానులో వాటిని వంచి, చక్కెర కలిపి, రొట్టెల పిండిలో వేసే ఈస్టును గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పోశారు. మూతికి పలచటి బట్ట కట్టారు.

"నీకు గిలాసెడు సాలంటివి గద బావా. మిగిలింది మేం జూస్కుంటం తియ్," అన్నాడు నర్సింలు.

నాలుగో రోజు నర్సింలు గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాడు. తీపి ఇంకా చావలేదని, చేదు సన్నగా ఉందని, ఆ పచ్చి రొట్టె వాసన పోవాలంటే మరో అయిదు రోజులు ఆగాలని తేల్చాడు. లింబాద్రి రుచి చూడలేదు. చెవి పెట్టి విన్నాడు. కల్లుకుండలాగే సన్నగా చిటపటలాడుతోంది.

ఆ దేశంలో మద్యంతో దొరికితే కొరడా దెబ్బలు, జైలు. ఆ తర్వాత ఎగ్జిట్ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అన్నీ తెలిసే చేశాడు. అప్పటి నుంచి గేటు దగ్గర ఏ బండి ఆగినా పోలీసులేమోనని లేచి చూసేవాడు.

ఈ సాయంత్రం డ్యూటీ బస్సు దిగుతుండగానే సైరన్ మోగింది. పదకొండు మంది గదిలోకి తోసుకొచ్చారు. క్యాంపు సూపర్‌వైజర్ అల్లాబకాష్ తలుపు సందులన్నిటికీ టేపు వేసి, లింబాద్రి మంచం మీదే కూలబడ్డాడు. ఆయనది కడప. నమాజు తప్పని మనిషి. లింబాద్రి పక్కనే కూర్చుని, క్యానును మడమతో లోపలికి నెట్టబోయాడు. అది డప్పులా బిగిసి ఉంది.

వంగి చూశాడు. బట్ట మీద మూత. మూత మీద మూడు వరసల టేపు.

ఆ గదికి కొత్తగా వచ్చిన సాయికుమార్‌కు క్యాను సంగతి ఎవరూ చెప్పలేదు. లింబాద్రి చెవిలో అడిగితే, నీళ్ళకు విషం తగలకుండా క్యాన్లన్నీ మూసెయ్యమని సూపర్‌వైజర్ చెప్పాడని, పొద్దున్నే ఆ పని ముగించానని చెప్పాడు.

"మంచం కిందిది గూడ ఇడువలే అన్నా," అన్నాడు సంబరంగా.

కల్లుకుండ మూతి ఎవరూ బిగించరు. ఊపిరాడకపోతే అది కుండనే చీలుస్తుంది. పొద్దుటి నుంచి ఇది అలాగే ఉంది. టేపు విప్పితే వాసన గుప్పుమంటుంది. విప్పకపోతే పేలుతుంది. నర్సింలు కూడా చూశాడు. చూసి, తువ్వాలలో ముఖం దాచుకున్నాడు.

దూరంగా ఎక్కడో దబ్బుమంది. కిటికీ ప్లాస్టిక్ లోపలికి ఉబ్బి వెనక్కి పోయింది. అప్పుడు మంచం కింద నుంచి బుస్సుమని సన్నటి చప్పుడు మొదలైంది.

"గ్యాసు," అన్నాడు సాయికుమార్.

మరుక్షణం తలుపు దగ్గరున్నాడు. గోళ్ళతో టేపు పీకుతున్నాడు. ఇద్దరు అతన్ని వెనక్కి లాగారు, ఇంకో ఇద్దరు అతనికి సాయం పోయారు. ఎవరో కిందపడ్డారు. ఒకతను తువ్వాల్లోనే కక్కుకున్నాడు. లింబాద్రి నోరు మూసుకుంటే చప్పుడు దానంతటదే ఆగిపోవచ్చు. కానీ తలుపు తెరుచుకుంటే వీళ్ళంతా క్షిపణుల కిందికి పరుగెత్తుతారు. బయట నిజంగానే విషం ఉంటే అందరూ పోతారు.

"ఆగుండ్రి," అన్నాడు. "గ్యాసు గాదు. అది నాది."

క్యాను బయటికి లాగి టేపు చించాడు. నురగ మోచేతుల దాకా పొంగింది. పచ్చి రొట్టె వాసన, చేదు వాసన గదంతా నిండాయి. సాయికుమార్ తలుపుకు ఆనుకుని కూలబడ్డాడు.

అల్లాబకాష్ ముక్కు మీది తువ్వాల తీయలేదు. "ఎవురికబ్బా ఇది?"

"నా పెండ్లానికి, భాయ్. ఎల్లుండి మాసికం. సాక పోద్దామని."

"తాగేకి కాదా?"

"నేనైతే నాలిక మీద గూడ ఏస్కోలే."

అల్లాబకాష్ క్యానును కాలితో దూరంగా నెట్టాడు. "ఇది బయటపడితే నిన్నొక్కణ్ణే కాదు, నన్నూ ఎత్తుకపోతారు. నాకూ పిల్లోళ్ళుండారు," అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగాక, ఆయనే లింబాద్రి చేత క్యాను మోయించుకుని పాయిఖానాల దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడ వెనక ఇసుకలో ఒక్క గ్లాసు పోస్తానని లింబాద్రి బతిమాలాడు. పొద్దునకు వాసన బయటపడుతుందని ఆయన ఒప్పుకోలేదు. తూములోనే పొయ్యమన్నాడు. మీద తాను ఫినాయిలు పోస్తానన్నాడు.

లింబాద్రి పోశాడు. అల్లాబకాష్ వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. అంత క్యానూ ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ చోట జయ పేరు తలవడానికి లింబాద్రికి నోరు రాలేదు.

బయటికొచ్చి ఇసుక మీద గొంతుక్కూర్చున్నాడు. చేతులింకా ఆ బీరుతో తడిగానే ఉన్నాయి. వేళ్ళ చివర నుంచి మూడు నాలుగు చుక్కలు రాలాయి. అప్పుడు పేరు పలికాడు.

"ఏమంటివి?" అన్నాడు అల్లాబకాష్.

జవాబు చెప్పేలోపు రోడ్డు మీద ఒక బండి దీపాలు ఇటు తిరిగాయి. ఆ వెలుగు గోడ మీదుగా జారి గేటు దాటిపోయేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు.