నీడ పోయే రోజున షామియానా

బస్సులో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. ఈ రోజు పక్క సీటు ముసలాయన అడిగాడు.

“బోరు రాడ్డా సార్ గది?”

“కాదు.”

“మరేంది, పందిరి గుంజనా?”

“కాదు,” అని సిద్దిరాములు కిటికీ వైపు తిరిగాడు.

మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్న ఇనుప చువ్వ గతుకు వచ్చినప్పుడల్లా గడ్డానికి తగులుతోంది. పెద్దపల్లి నుంచి మంథనికి ఆయన రోజూ వచ్చే బస్సే. కాలేజీకి ఎండాకాలం సెలవులు, అయినా వస్తున్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. భౌతికశాస్త్ర జాతీయ సంఘానికి మంథని శాఖ కార్యదర్శి కూడా ఆయనే. శాఖ అంటే ఆయనా, ఆయన ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపూ.

ఏటా మే నెల నడుమ ఒక మధ్యాహ్నం సూర్యుడు మంథనికి సరిగ్గా నడినెత్తిన వస్తాడు. నిలువుగా ఉన్న వస్తువుకు ఆ కాసేపు నీడ ఉండదు. అది జనానికి చూపించి, ఫొటోతో రిపోర్టు పంపాలని సంఘం అన్ని శాఖలకూ చెప్పింది. వరుసగా రెండేళ్లు రిపోర్టు రాని శాఖను మూసేస్తారు. పోయినేడు మబ్బు పట్టింది. ఈ ఏడు పోతే ఇక లేదు.

రాత్రి గ్రూపులో అందరినీ రమ్మని రాశాడు. బొటనవేళ్లు వచ్చాయి. దండాలు వచ్చాయి. ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు. ఇంకొకాయన “సర్టిఫికెట్ ఇస్తరా?” అని అడిగాడు. వస్తానని మాత్రం ఎవరూ అనలేదు.

కాలేజీ గేటు తోసి లోపలికి అడుగుపెట్టినవాడు అక్కడే ఆగిపోయాడు.

వాలీబాల్ కోర్టు గచ్చు మీద, నిన్న తాను ఊడ్చి సుద్దతో గుర్తు పెట్టిన చోటికి పైన, ఎరుపూ పసుపూ పట్టీల షామియానా వేసి ఉంది. కింద కుర్చీలు, తెల్ల గలీబులు, మైకు. హాయిగా నీడ. సుద్ద గుర్తు మీద ఒక కుక్క కాళ్లు చాపుకుని నిద్రపోతోంది.

“ఎవలు చెప్పిన్రు నీకు గిది వెయ్యమని?”

టెంటుహౌజ్ నరేశ్ తాడు ముడి బిగిస్తూనే తల తిప్పాడు. “సేటు చెప్పిండు సార్. సభ అంటే టెంటు లేకుండ ఎట్ల?”

“నీడ పోవుడు చూపియ్యాలె నరేశ్ ఈడ. నువ్వు ఇంత నీడ తెచ్చి పరిస్తివి.”

నరేశ్ పైకి చూశాడు, కిందికి చూశాడు. “నీడ పోయేది నీడల కూసుండి చూస్తరు గద సార్!”

సిద్దిరాములు ఫోన్ తీశాడు. సేటంటే బియ్యం మిల్లు భానుప్రసాద్. ఈ రోజు సభకు భోజనాల ఖర్చు ఆయనదే, ముఖ్య అతిథీ ఆయనే.

“సార్, మీరు సదువుకున్నోళ్లు,” అన్నాడు భానుప్రసాద్. “గీ ఎండల కూసోబెడితే వచ్చేటోడు రాడు. టెంటు తీసిన్రనుకో, నేను గూడ రాను.”

తర్వాత ప్రిన్సిపల్ ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. ఆయన గొంతులో ఎప్పుడూ దయ ఉంటుంది.

“సిద్దిరాములూ, గా పన్నెండు గంటలదేదో జర నాల్గింటికి పెట్టుకోరాదయ్యా? సల్లవడ్తది.”

“సూర్యునిది సార్ గా టైము. నా చేతుల లేదు.”

“అన్నీ గట్లనే అంటవు. పోయినేడు మబ్బన్నవు.”

సిద్దిరాములు చువ్వతో నేల మీద తట్టి కుక్కను లేపాడు. అది లేచి మైకు కిందికి పోయి పడుకుంది.

ఆయన పని చేసిన ప్రతి ఊళ్లోనూ ఇట్లాగే అయింది. ఖానాపూర్‌లో శాఖ పెట్టి టెలిస్కోపు తెప్పిస్తే, అద్దాలు తెచ్చారంటున్నారు, కళ్ల పరీక్ష కాబోలని ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి వరుస కట్టారు. రాత్రికి చంద్రుణ్ణి చూడటానికి ఎవరూ రాలేదు. భైంసాలో ఉపన్యాసం రోజున తలుపు తెరిస్తే హాలు నిండా పత్తి. ఆయన బదిలీ అయిన మరుసటేడే ఆ శాఖలు రెండూ పోయాయి. పాఠం కూడా గొప్పగా చెప్పడని ఆయనకు తెలుసు. చివరి బెంచీలు ఎప్పుడూ నిద్రపోయేవి. ఆయన లేపేవాడు కాదు.

అసలు సంఘంలో చేరడమూ విచిత్రమే. తండ్రి సిరిసిల్లలో మరమగ్గం మీద కూలీ. కొడుకు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతుండగా సంఘంవాళ్లు వచ్చి ఏదో ప్రయోగం చూపించారు. సిద్దిరాములు పొట్టి. వెనక నిలబడ్డాడు. ముందున్నవాళ్లంతా ఒక్కసారి “అబ్బా” అన్నారు. ఆయనకు వీపులే కనిపించాయి. ఆ అబ్బా ఎందుకో తర్వాత ఎవరిని అడిగినా సరిగ్గా చెప్పలేదు. ఆ సాయంత్రమే పేరు రాయించాడు. అప్పట్నుంచీ ఏదో ఒకటి నలుగురికీ కనబడేటట్టు చూపించాలని తిప్పలు పడుతూనే ఉన్నాడు. నలుగురు కుదరరు, కుదిరితే మబ్బు పడుతుంది.

నరేశ్‌ను బతిమాలి ఒక ఒప్పందానికి వచ్చాడు. పదకొండున్నరకు తూర్పు వైపు గుడ్డ ఒకటి విప్పాలి. గుర్తు ఉన్నది ఆ గుడ్డ కిందే. చువ్వను నిలబెట్టి, మేస్త్రీల గుండుదారం పక్కన వేలాడదీసి సరిచూస్తుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బాలలక్ష్మి.

“ఇగో, గొడుగు ఈడనే మర్చిపోయినవు.”

“మర్వలే. కావాల్ననే తేలే. దాని నీడ వచ్చి దీని మీద పడ్తది.”

“నీ నీడల పంచాతి నాకెందుకు గని, నెత్తికి రుమాలన్న కట్టుకో.”

“కట్టుకుంట.”

కట్టుకోలేదు. చువ్వ పాదం ఊగుతుంటే, దాన్ని నిలబెట్టిన ఇటుకల సందున ఆ రుమాలే మడిచి కుక్కాడు. ఆ ఇటుకల మీద, చువ్వ చుట్టూ వచ్చేటట్టు తెల్ల చార్టు పరిచి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టాడు.

అతిథులు పదకొండున్నరకు వచ్చారు. మిల్లు గుమాస్తాలు, ఒకరిద్దరు పంతుళ్లు, భోజనం సంగతి తెలిసి వచ్చినవాళ్లు. మజ్జిగ పొయ్యడానికి సేటు పిలిపించిన దేవవ్వ సల్ల కుండ దించుకుని చివరన కూర్చుంది. సభ మొదలైంది. గుడ్డ విప్పమని సిద్దిరాములు సైగ చేశాడు. నరేశ్ భానుప్రసాద్ వైపు చూశాడు. భానుప్రసాద్ వేలు అడ్డంగా ఊపాడు.

ఓంప్రకాశ్ విజ్ఞానం గురించి మాట్లాడాడు. ఒక పంతులు ఓంప్రకాశ్ గురించి మాట్లాడాడు. సేటుకు శాలువా కప్పారు. సేటు శాలువా తియ్యకుండానే మైకు పట్టుకున్నాడు, ముఖం నిండా చెమట.

“మా తాత ఒక్క రోట్లె బియ్యం దంచిండు. గా కాన్నుంచి మొదలువెట్టి…”

సిద్దిరాములు గడియారం చూసుకున్నాడు. పది నిమిషాలు కూడా లేవు పన్నెండుకు. చువ్వ నీడలో ఉంది, చార్టు నీడలో ఉంది, తాత ఇంకా బియ్యం దంచుతున్నాడు. లేచాడు. కుర్చీల వెనక నుంచి పోయి తూర్పు గుంజ దగ్గర ముడి పట్టుకున్నాడు. రాలేదు. పళ్లతో పట్టి లాగాడు. ముప్పై ఏళ్లుగా సభల్లో కిక్కురుమనకుండా కూర్చున్న మనిషి. తాడు వదులైంది. గుడ్డ బుస్సుమని జారి రెండు వరుసల మీద పడింది.

“ఏయ్, ఏందిరా గిది!” అని గుడ్డ కింద నుంచి ఎవరో అరిచారు.

“ఏం జేస్తున్నవు సిద్దిరాములూ!” ఓంప్రకాశ్ గొంతులో దయ పోయింది.

“ఎండ పడాలె సార్. ఎండ.” ఊపిరి ఎగబోస్తోంది. “ఎండ లేకుంటె నీడ ఎట్ల పోతది?”

కూర్చున్నవాళ్లంతా వరండాలోకి నడిచారు. చువ్వ దగ్గర సిద్దిరాములు ఒక్కడే ఉండిపోయాడు. నెత్తి మీద ఎండ పెనం పెట్టినట్టుంది, కింద గచ్చు చెప్పులోంచి కాలుస్తోంది. చార్టు తెలుపు కళ్లకు మిరుమిట్లు గొలిపింది. చువ్వ పాదం దగ్గర నీడ, రెండు వేళ్ల వెడల్పు, అంతే.

వరండా నుంచి భానుప్రసాద్ వాచీ పైకెత్తి చూపించాడు. “సార్, పన్నెండు అయ్యింది. ఉన్నది గద నీడ!”

“ఇంక ఏడెనిమిది నిమిషాలున్నది సార్. మన ఊరి పన్నెండు, గడియారం పన్నెండు ఒకటి గాదు.”

“వారెవ్వా! సూర్యుడు గూడ మన సర్కారు బస్సు లెక్కనే లేటన్నట్టు.”

అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే వెనక గదిలోకి, విస్తళ్ల వైపు పోయారు. ఓంప్రకాశ్ గడపలో ఒకసారి ఆగి, తల అడ్డంగా ఊపి, తానూ పోయాడు.

సిద్దిరాములు ఎవరినీ పిలవలేదు. ఫొటో కోసం ఫోన్ తీశాడు. వేడికి అది తెర మీద ఏదో హెచ్చరిక చూపి ఆరిపోయింది. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. “నీ…” అని ఆగాడు.

టెంటు గుడ్డ మడుస్తున్న నరేశ్, వాడి పనివాళ్లిద్దరూ మాత్రం ఎండలోనే ఉన్నారు. వాళ్ల పని అక్కడే మరి. దేవవ్వ లోటా పట్టుకుని వచ్చింది.

“సల్ల తాగు సారూ. మొకమంత ఎర్రగైంది.”

“ఆగు అవ్వా. ముందు గిది చూడు. ఇటు రా.” పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

రెండు వేళ్ల నీడ ఒక వేలైంది. వేలు దారమైంది. తర్వాత చువ్వ తెల్ల కాగితం మీద ఉత్తగా నిలబడి ఉంది.

“ఓరి!” అన్నాడు నరేశ్. చేతిలో గుడ్డ వదిలేసి ఫోన్ తీసి వీడియో పట్టాడు.

దేవవ్వ చువ్వను వదిలేసి తన చుట్టూ తాను తిరిగింది. ముందు చూసింది, వెనక చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పాదాల దగ్గర వెతికింది.

“నా నీడేది సారూ?”

“ఏడికి పోలే అవ్వా. నీ కిందనే ఉన్నది.”

“అబ్బ!” అంది దేవవ్వ, నోటి మీద చెయ్యి పెట్టుకుని. “ఇన్నేండ్ల సంది గీ ఎండలనే సస్తున్న. ఎన్నడు సూడకపోతి. ఇంత సదువు సదివి గిదా మీరు సూసేది? మంచిగనే ఉన్నది.”

సిద్దిరాములు నవ్వాడు. పనివాళ్లు ఒకరి కింద ఒకరు చూసుకుని, ఎగిరి దూకి, గాల్లో ఉన్నప్పుడు కింద నీడ పుట్టిందని కేకలు పెట్టారు.

కొద్దిసేపటికి చువ్వకు రెండో పక్క సన్నగా నీడ మొదలైంది. నరేశ్ వీడియో పంపించాడు. “నా మొకం గూడ పడ్డది సార్ అండ్ల, ఏమనుకోకున్రి.” అన్నానికి రమ్మంటే సిద్దిరాములు వద్దన్నాడు. తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. సల్ల సగం తాగి లోటా ఇచ్చేశాడు. చువ్వను స్టోర్ రూములో పెట్టి, గేటు దాటి బస్టాండుకు నడిచాడు. నడక ఎన్నడూ లేనంత దూరం అనిపించింది.

బస్టాండు దుకాణంలో చల్లటి నీళ్ల సీసా కొన్నాడు. పెద్దపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాడు. పొద్దుట నుంచి కారిన చెమట ఇప్పుడు ఆగిపోయింది, ఒళ్లు పొడిగా ఉంది. అది ఆయనకు హాయిగానే అనిపించింది. సీసా పక్కన పెట్టి, ముందు రిపోర్టు సంగతి చూద్దామని ఫోన్ తీశాడు. ఈసారి తెరుచుకుంది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటే వెతికి కొట్టాడు.

‘మంథని శాఖ. ఆకాశం నిర్మలం. నీడ పోయింది. చూసినవారు: దేవవ్వ, నరేశ్, టెంటు పనివాళ్లు ఇద్దరు.’

వీడియో జత చేసి పంపాడు. పోయిందని గుర్తు పడే దాకా చూశాడు. ఫోన్ జేబులో వేసుకుని, కిటికీ కడ్డీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పెద్దపల్లిలో అందరూ దిగారు.

“సార్, దిగున్రి. పెద్దపల్లి,” అంది కండక్టరమ్మ డబ్బులు సర్దుకుంటూ. కొంచెం ఆగి మళ్లీ అంది. దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు కాలిపోతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. చెయ్యి వెనక్కు తీసుకుని, డ్రైవరును పిలిచింది.

ఇద్దరు ముగ్గురు ఎక్కి ఆయనను మెల్లగా దించి నీడకు మోసుకుపోయారు. బస్సు ఖాళీ అయింది. సీటు మీద నీళ్ల సీసా నిలబడి ఉంది, మూత విప్పలేదు. దాని కింద రెగ్జిన్ మీద గుండ్రంగా తడి, ఎండ పడే వైపు నుంచి ఆరుతూ వస్తోంది.